తలుపు తెరిచారు సరే, బల్ల దగ్గర చోటుందా?

(దళిత క్రైస్తవ యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, అన్నలారా, చెల్లెళ్లూ తమ్ముళ్లూ! అందరికీ జైభీమ్. అందరికీ వందనాలు.

ఈ రెండు పలకరింపులూ ఒకే నోట్లో ఇమడవని కొందరంటారు. మాకు ఇముడుతాయి. మన పల్లెల్లో ఆదివారం గుడిగంట కొట్టే చెయ్యీ, ఏప్రిల్ 14న బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేసే చెయ్యీ ఒకటే. అందుకే ఆ రెండు మాటలతోనే మొదలుపెడుతున్నాం.

మమ్మల్ని మాట్లాడమన్న విషయం, కొత్తగా వచ్చినవాళ్లను సంఘం ఎట్లా చేర్చుకోవాలి అనేది. వినడానికి చిన్న విషయం. చెయ్యి కలపడం, బల్ల చూపించడం, పాటల పుస్తకం చేతికివ్వడం. ఇందులో ఉద్యమానికేం పని అనిపిస్తుంది. కానీ అంటరానివాళ్లకు ఇది ఎప్పుడూ చిన్న విషయం కాదు. మన చరిత్ర మొత్తం గుమ్మాల చరిత్రే. ఎవరి వాకిట్లోకి ఎక్కడిదాకా రావచ్చు, చెప్పులు ఎక్కడ విడవాలి, దోసిట్లోకి నీళ్లు ఎంత ఎత్తునుంచి పోస్తారు, టీ కొట్లో ఏ గ్లాసు మనది - ఊరు మనకు తరతరాలుగా చెప్పిన స్వాగతం ఇదే. అందుకే ఎవరన్నా 'రండి, కూర్చోండి' అంటే 'ఎక్కడ కూర్చోమంటారు?' అని అడగడం మనకు పొగరు కాదు, అనుభవం నేర్పిన తెలివి.

ఈ ప్రశ్నను మేం అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చిని ఎదురుగా పెట్టుకుని అడగదలిచాం. ఇక్కడి విషయం వదిలి అమెరికా ఎందుకంటారా? మన పిల్లలు అక్కడికి పోతున్నారు గనుక. చదువులకు, నర్సు ఉద్యోగాలకు, కంప్యూటర్ ఉద్యోగాలకు పోయిన మన మాల మాదిగ బిడ్డలు మొదటి ఆదివారమే ఫోన్ చేసి, 'అమ్మా, ఇక్కడ ఏ గుడికెళ్లాలి?' అని అడుగుతున్నారు. సి.ఎస్.ఐ.లో బాప్తిస్మం తీసుకున్న బిడ్డకు వరసకు దగ్గరి చర్చి అక్కడ ఎపిస్కోపల్ చర్చే. దాని పుట్టుకా మన పుట్టుకా ఒక కొమ్మవే. ఇంగ్లండు చర్చి అమెరికాలో పాతుకుని, ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక 1789లో సొంత నిర్మాణం ఏర్పరచుకున్నది ఎపిస్కోపల్ చర్చి. అదే ఇంగ్లండు చర్చి మన దోర్నకల్‌కూ వచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో మిగతా మిషన్లతో కలిసి సి.ఎస్.ఐ. అయింది. ఇవాళ రెండూ ఆంగ్లికన్ కుటుంబంలోనివే. కనుక మన బిడ్డ అక్కడి గుడిలో అడుగుపెడితే చుట్టం ఇంటికి పోయినట్టే. అయితే చుట్టాల ఇళ్లలో కూడా ఎవరికి పీట వేస్తారు, ఎవరికి చాప వేస్తారు అనేది ఉంటుంది గదా. దాని సంగతే ఇప్పుడు.

మొదటి ఆదివారం

అక్కడి సంఘాన్ని పారిష్ అంటారు. గుమ్మంలో అషర్ అనే మనిషి నిలబడి ఉంటాడు. నవ్వుతూ పలకరించి, ఆరాధన క్రమం అచ్చేసిన కాగితం చేతికిస్తాడు. చాలాచోట్ల పేరూ చిరునామా రాయడానికి చిన్న కార్డు కూడా ఉంటుంది. లోపల బల్ల మీద ప్రార్థన పుస్తకం, కీర్తనల పుస్తకం. ఎప్పుడు నిలబడాలి, ఎప్పుడు మోకరించాలి, ఏ పేజీ తీయాలి అని కొత్త మనిషి తికమక పడతాడు. సి.ఎస్.ఐ. బిడ్డకు మాత్రం క్రమం కొంచెం తెలిసినట్టే ఉంటుంది, భాషే వేరు. పక్కనున్న ముసలమ్మ పేజీ తీసి చూపిస్తే ఆరోజుకి అదే సువార్త. ఆరాధన అయ్యాక కాఫీ ఉంటుంది. కొత్త మనిషి చేతిలో కప్పుతో గోడవారన నిలబడతాడు. పాతవాళ్లు పాతవాళ్లతో మాట్లాడుకుంటూ ఉంటారు. ఎవరూ తిట్టరు, ఎవరూ పొమ్మనరు, ఎవరూ మాట్లాడరు. గుమ్మంలో నవ్విన సంఘం కాఫీ దగ్గర మర్చిపోతుంది. ఈ జబ్బు వాళ్లకూ తెలుసు. అందుకే కొత్తవాళ్ల కోసమని పనిగట్టుకుని మనుషుల్ని పెట్టుకునే పారిష్‌లు ఉన్నాయి.

ఆ ఆరాధన మధ్యలో ఒక ఘడియ వస్తుంది. అయ్యగారు సమాధానం చెప్పగానే జనం ఒకరికొకరు చేతులు కలుపుకుంటారు. దీని కథ మన పిల్లలకు చెప్పి పంపాలి. ఆదిమ సంఘంలో ఉండిన ఈ పద్ధతి పశ్చిమ దేశాల చర్చిల్లో మామూలు జనం మధ్యనుంచి ఎప్పుడో మాయమైపోయింది. సి.ఎస్.ఐ. 1950లో ప్రభురాత్రి భోజన క్రమం తయారుచేసుకున్నప్పుడు దీన్ని మళ్లీ జనం చేతుల్లో పెట్టింది. కేరళ సిరియన్ క్రైస్తవుల్లో నిలిచివున్న ఆచారం అందుకు దారి చూపింది. ఒకరి అరచేతిలో ఒకరి అరచెయ్యి, బల్ల నుంచి బల్లకు, చివరి మనిషి దాకా. ఆ క్రమాన్ని చూసి ప్రపంచంలోని ఆంగ్లికన్ చర్చిలు తమ ఆరాధనలో కలుపుకున్నాయి. ఆలోచించండి. తాకితే మైలపడతామన్న దేశంలో, తాకడాన్నే ఆరాధనలో భాగం చేసిన చర్చి మనది. అక్కడ తెల్లాయన చెయ్యి చాపితే మన బిడ్డ మొహమాటపడనక్కర్లేదు. ఆ చెయ్యి కలిపే పద్ధతి ఆయన ఇంటికి పోయింది మన దక్షిణాది నుంచే.

ఒకే పాత్ర

చెయ్యి కలిపాక బల్ల. అక్కడ అసలు పరీక్ష. జనం వరసగా ముందుకు పోయి, బల్ల ముందు పక్కపక్కన మోకరిస్తారు. ఒకే పాత్ర ఒకరి పెదవుల నుంచి ఇంకొకరి పెదవులకు పోతుంది. ఏ చర్చిలో బాప్తిస్మం పొందినవాళ్లయినా పుచ్చుకోవచ్చు. బాప్తిస్మం లేనివాళ్లు చేతులు రొమ్ముమీద అడ్డంగా పెట్టుకుంటే అయ్యగారు ఆశీర్వదిస్తారు. బాప్తిస్మం కావాలన్నది ఆ చర్చి నియమం. ఎవరొచ్చినా ఇవ్వాలనే పారిష్‌లూ ఉన్నాయి, వాళ్లలో వాళ్లకు వాదన నడుస్తూనే ఉంది.

2015 నుంచి 2024 దాకా ఆ చర్చికి అధ్యక్ష బిషప్‌గా ఉన్నాయన మైకేల్ కర్రీ. ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతి మనిషి. తన కుటుంబం ఆ చర్చిలోకి ఎట్లా వచ్చిందో ఆయన చాలాసార్లు బహిరంగంగా చెప్పాడు. 1940లలో, ఒహాయో రాష్ట్రంలో, వాళ్లమ్మ కాబోయే భర్తను ఎపిస్కోపల్ గుడికి తీసుకుపోయింది. ఆయన బాప్టిస్టు. చుట్టూ తెల్లవాళ్లే. ఆమె పాత్ర పుచ్చుకోవడానికి ముందుకు పోయింది. ఈయన బల్ల దగ్గరే కూర్చుని ఊపిరి బిగబట్టి చూశాడు. నల్లవాళ్లకు ఒక కుళాయి, తెల్లవాళ్లకు ఒక కుళాయి ఉన్న దేశం అది. తెల్లవాళ్లు తాగిన పాత్రనే అయ్యగారు ఆమెకు ఇస్తాడా? ఆమె తాగాక పక్కనున్న తెల్లమనిషి అదే పాత్రను ముట్టుకుంటాడా? ఇచ్చాడు. ముట్టుకున్నాడు. నలుపూ తెలుపూ ఒకే పాత్రలో తాగే చర్చిలో ఏదో నిజం ఉందని ఆయనకు అనిపించింది. తర్వాత ఆ చర్చిలోనే ప్రీస్టు అయ్యాడు.

మిత్రులారా, ఈ కథ మనకు ఒకరు విడమరచి చెప్పాలా? రెండు గ్లాసుల హోటళ్లలో టీ తాగినవాళ్లం. ఆయన చూసింది ఏమిటో మనకు నాలుక మీద తెలుసు. ఆ కుటుంబాన్ని సంఘంలోకి తెచ్చింది గుమ్మంలో నవ్వు కాదు, కరపత్రం కాదు, కాఫీ కాదు. పాత్ర.

మన దక్షిణాదిలోనే దీనికి తిరగేసిన కథ ఉంది. 1833లో, ఇండియా అంతటికీ ఆంగ్లికన్ బిషప్‌గా ఉన్న డేనియల్ విల్సన్ కలకత్తా నుంచి ఉత్తరం రాశాడు. చర్చిలో కులం ఉండటానికి వీల్లేదు, విడివిడి బల్లలు, విడివిడి వరసలు వెంటనే పోవాలన్నాడు. తంజావూరులో, మద్రాసు వేపేరిలో అగ్రకుల క్రైస్తవులు గుంపులుగా చర్చి వదిలి బయటికి నడిచారు. ఏసును వదులుకోగలిగారు గానీ వరసను వదులుకోలేకపోయారు. కొత్తవాళ్లను చేర్చుకోవడమంటే, చేర్చుకోవద్దనే పాతవాళ్లు కొందరు లేచిపోతే పోనివ్వడానికి సిద్ధపడటం కూడా. ఈ ధైర్యం లేని సంఘం స్వాగతం బోర్డు పెట్టుకోవడం దండగ.

రిజిస్టరులో పేరు, చేతిలో ఓటు

సభ్యత్వం సంగతి చూద్దాం. ఎపిస్కోపల్ చర్చిలో మనిషి సంఘస్తుడయ్యేది బాప్తిస్మంతో. పెద్దవాళ్లయితే ముందు కొన్ని వారాలు పాఠాలుంటాయి. బాప్తిస్మం ఆదివారం ఆరాధనలో, అందరి ఎదుట జరగాలన్నది పద్ధతి. అప్పుడు ప్రమాణం చేసేది కొత్తవాడొక్కడే కాదు. ఈ మనిషికి తోడుంటామని సంఘమంతా లేచి నిలబడి మాటిస్తుంది. 1979 నాటి ప్రార్థన పుస్తకంలో ఆ ప్రమాణాల చివర న్యాయం కోసం పాటుపడతామనీ, ప్రతి మనిషి గౌరవాన్నీ కాపాడతామనీ ఉంటుంది. మన మాటల్లో చెప్పాలంటే, ఆత్మగౌరవం బాప్తిస్మం ప్రమాణంలోనే రాసి ఉంది.

ఇదివరకే బాప్తిస్మం ఉన్నవాళ్లకు మళ్లీ నీళ్లు పొయ్యరు. పాత సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకుంటే పేరు రాసుకుంటారు. బిషప్ వచ్చినప్పుడు కన్ఫర్మేషన్ లేనివాళ్లకు కన్ఫర్మేషన్ ఇస్తారు, వేరే చర్చిలో అయినవాళ్లను చెయ్యిపట్టి చేర్చుకుంటారు. ఏడాదిలో కనీసం మూడుసార్లు సంస్కారం పుచ్చుకున్నవాళ్లను కమ్యూనికెంట్లు అంటారు. 16 ఏళ్లు నిండితే పెద్దవాళ్ల లెక్క. ఏడాదికోసారి పారిష్ సభ జరుగుతుంది. అందులో వెస్ట్రీని ఎన్నుకుంటారు. వెస్ట్రీ అంటే మన పాస్టరేట్ కమిటీ లాంటిది. డబ్బు లెక్కలు దాని చేతిలో, ఆస్తి వ్యవహారాలు దాని చేతిలో. రెక్టర్ అనే అయ్యగారిని ఎంచుకునే పని కూడా బిషప్‌తో మాట్లాడి అదే చేస్తుంది. డయోసిస్ సభకు, ఆపైన దేశమంతటి జనరల్ కన్వెన్షన్‌కు సంఘస్తుల ప్రతినిధులు పోతారు.

కాబట్టి స్వాగతానికి మెట్లున్నాయి. గుమ్మం ఒక మెట్టు, చెయ్యి ఒక మెట్టు, పాత్ర ఒక మెట్టు, రిజిస్టరు ఒక మెట్టు, ఓటు ఒక మెట్టు. కింది మెట్టు మీద నిలబెట్టి సన్మానం చేసేవాళ్లు పై మెట్టు దగ్గర అడ్డం నిలబడతారు. ఇది మా ఊహ కాదు. ఆ చర్చి చరిత్రే సాక్ష్యం.

లోపలికి రానిచ్చి నోరు కట్టేసిన రోజులు

అబ్సలోం జోన్స్ 1746లో బానిసగా పుట్టాడు. కూడబెట్టిన డబ్బుతో ముందు భార్యను విడిపించుకుని, 1784లో తాను విడుదలయ్యాడు. ఫిలడెల్ఫియాలో సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చికి పోయేవాడు. ఆ చర్చిలో కొత్తగా గ్యాలరీ కట్టించారు. నల్లవాళ్లు కూడా దానికి చందాలిచ్చారు. ఒక ఆదివారం ప్రార్థనలో ఉండగా, మీ చోటు ఇది కాదు లెమ్మని పెద్దలు అబ్సలోం జోన్స్‌ను మోకాళ్ల మీదనుంచి లాగారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమన్నా ఆగలేదు. ప్రార్థన ముగిశాక నల్లవాళ్లంతా ఒక్కుమ్మడిగా లేచి బయటికి నడిచారు. మన పల్లెలో చెప్పుకున్నట్టే ఉంది గదూ! గుడి కట్టడానికి మన చెమట కావాలి, గుళ్లో మన ఒళ్లు మాత్రం వద్దు.

ఆ నడకలో ఉన్న రిచర్డ్ ఆలెన్ తర్వాత నల్లవాళ్ల సొంత మెథడిస్టు చర్చిని 1816లో నిర్మించాడు. అబ్సలోం జోన్స్ వాళ్లు 1794లో సెయింట్ థామస్ ఆఫ్రికన్ చర్చి కట్టుకుని, మా సంఘం పెత్తనం మాదేనని షరతు పెట్టి ఎపిస్కోపల్ చర్చిలో చేరారు. ఆయన 1795లో డీకన్ అయ్యాడు, తర్వాత ఆ చర్చిలో మొదటి నల్ల ప్రీస్టు అయ్యాడు. గొప్ప స్వాగతమే! కానీ డయోసిస్ వాళ్లూ ఒక షరతు పెట్టారు. మీ ప్రతినిధులు మా సభలో కూర్చోకూడదన్నారు. ఆరాధన ఉంది, అయ్యగారున్నాడు, ఓటు లేదు. ఆ కుర్చీ దక్కడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. అబ్సలోం జోన్స్ దాన్ని చూడకుండానే 1818లో పోయాడు. ఇవాళ అదే చర్చి ప్రతి ఫిబ్రవరి 13న ఆయన పేరిట ఆరాధన చేస్తుంది.

అలెగ్జాండర్ క్రమెల్ అనే నల్ల యువకుడు 1839లో న్యూయార్కులోని చర్చి వేదాంత కళాశాలలో సీటు అడిగితే ఇవ్వలేదు. ఫిలడెల్ఫియా పోతే అక్కడి బిషప్, సభలో కూర్చోనని ఒప్పుకుంటేనే చేర్చుకుంటానన్నాడు. ఆ షరతుకు ఆయన తల ఒగ్గలేదు. ఇంగ్లండు పోయి కేంబ్రిడ్జిలో చదువుకున్నాడు.

రంగు ఒక్కటే అడ్డం కాదు, డబ్బూ అడ్డమే. ఆ కాలపు పారిష్‌లలో బల్లలు అద్దెకిచ్చేవాళ్లు, అమ్మేవాళ్లు. ధనవంతుడి బల్లకు తలుపు, తలుపుకు పేరు. బీదవాడు వస్తే ఖాళీ బల్ల ఉన్నా కూర్చోవడానికి లేదు. దీన్ని ఎదిరించినవాళ్లూ ఆ చర్చిలోనే పుట్టారు. న్యూయార్కులో మ్యూలెన్‌బర్గ్ అనే ప్రీస్టు 1846లో అద్దెల్లేని గుడి నడిపి చూపించాడు. కొత్తవాళ్లు రావడంలేదని ఏడిచే ముందు మన బల్లల మీద కనపడని పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోవాలి.

1964లో జనరల్ కన్వెన్షన్ చట్టం చేసింది. జాతి, రంగు కారణంగా ఎవర్నీ ఆరాధన నుంచి గానీ సభ్యత్వం నుంచి గానీ తప్పించకూడదని రాసుకుంది. ఆ మరుసటి ఏడాదే, 1965లో, అలబామా రాష్ట్రం సెల్మాలో ఏం జరిగింది? జొనాథన్ డేనియల్స్ అనే తెల్ల వేదాంత విద్యార్థి నల్ల మిత్రుల్ని వెంటబెట్టుకుని అక్కడి ఎపిస్కోపల్ గుడికి పోతే అషర్లు గుమ్మంలోనే ఆపేశారు. తర్వాత తప్పనిసరై రానిచ్చారు గానీ వెనక వరసల్లో కూర్చోబెట్టి, సంస్కారం అందరికన్నా చివర్న ఇచ్చారు. చట్టం పుస్తకంలో ఉంది, అషర్ గుమ్మంలో ఉన్నాడు. మన రాజ్యాంగంలో 17వ అధికరణం లేదా? టీ కొట్టువాడు చదివాడా? ఆ ఏడాది ఆగస్టు 20న హేన్‌విల్ అనే ఊళ్లో, రూబీ సేల్స్ అనే 17 ఏళ్ల నల్ల అమ్మాయి మీదికి తుపాకి ఎత్తితే డేనియల్స్ ఆమెను పక్కకు నెట్టి తను గుండు తిన్నాడు. అప్పటికి 26 ఏళ్లు. చంపినవాణ్ని అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ వదిలేసింది. చుండూరు, కారంచేడు కేసుల వెంట తిరిగిన మన జనానికి ఆ తీర్పు రుచి కొత్తది కాదు.

ఇంకొక్క మనిషి సంగతి. పౌలీ మర్రే నల్లజాతి న్యాయవాది, రచయిత్రి. 1977 జనవరిలో ప్రీస్టు అయింది. ఆ చర్చిలో మొదటి నల్ల మహిళా ప్రీస్టు. మరుసటి నెల ఉత్తర కరోలినాలో చాపెల్ హిల్ గుడిలో మొదటిసారి సంస్కారం ఇచ్చింది. ఆ గుడిలోనే వాళ్ల అమ్మమ్మ బాప్తిస్మం పొందింది, బానిసపిల్లగా. రిజిస్టరులో ఆ పిల్లల పేర్ల పక్కన వాళ్లు ఏ యజమానురాలికి చెందినవాళ్లో రాశారు. అంటే రిజిస్టరులో పేరుంటేనే మనిషి అయినట్టు కాదు, ఆ పేరు పక్కన ఏం రాశారన్నది చూడాలి. అమ్మమ్మ పేరును ఆస్తిగా రాసుకున్న గుడిలో మనవరాలు పాత్ర ఎత్తి పట్టుకుంది. 1989లో బార్బరా హారిస్ అనే నల్ల మహిళ మాసచూసెట్స్‌లో బిషప్ అయింది. ఆంగ్లికన్ ప్రపంచంలోనే మొదటి మహిళా బిషప్. మన సి.ఎస్.ఐ.లో 2013లో నంద్యాల బిషప్‌గా పుష్పలలిత గారు వచ్చారు. తెలుగు నేల మీదే ఆ మొదటి అడుగు పడింది.

అంబేడ్కర్ అడిగిన రెండు ప్రశ్నలు

ఇప్పుడు మన గుమ్మం దగ్గరికి వద్దాం. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ఎదుట నిలబడి ఆయన అడిగింది డబ్బు కాదు, స్నేహం. మాకోసం త్యాగాలు చేస్తారు గానీ మీ బల్ల దగ్గర మమ్మల్ని కూర్చోనివ్వరెందుకని ఆయన బాధ. దోర్నకల్‌లో వేల సంఖ్యలో మాల మాదిగలు సంఘంలోకి వచ్చింది ఆయన కాలంలోనే.

1935లో యేవలాలో అంబేడ్కర్, హిందువుగా చావనని ప్రకటించాక, అజరయ్య గారు ఆయన్ను కలిశారని చర్చి చరిత్రలో చెప్పుకుంటారు. అప్పుడు అంబేడ్కర్ రెండు ప్రశ్నలు వేశాడట. మేం క్రైస్తవులమైతే ఎక్కడున్నా ఒకే చర్చిలో ఉంటామా? కులం పీడ మాకు పూర్తిగా పోతుందా? బిషప్ గారు దేనికీ అవునని చెప్పలేక తలొంచుకున్నారట. చర్చి గుమ్మంలో నిలబడ్డ కొత్తవాళ్లలో అంతటి మనిషి ఇంకొకడు లేడు. ఆయన పాటల పుస్తకం అడగలేదు, పరలోకం అడగలేదు. చోటు అడిగాడు. 1956లో నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు.

ఆ రెండు ప్రశ్నలకు ఇవాళ మన జవాబేమిటి? ఒకే ఊళ్లో మాలల గుడి ఒకటి, మాదిగల గుడి ఒకటి. ఒకే ఏసు, రెండు గంటలు. మాలల సంఘంలోకి మాదిగ కుటుంబం వస్తే, పాకీపని చేసే రెల్లి కుటుంబం వస్తే, వెనక బల్ల చూపించే అషర్ మనలో లేడా? కమిటీ ఎన్నికల్లో కులం లెక్కలు వేసేది ఎవరు? సమాధుల దొడ్లో హద్దులు పాతింది ఎవరు? మనువు రాసింది కాదు ఇది, మన చేత్తో మనం రాసుకుంటున్నది. తెల్లవాడి గ్యాలరీని తిడుతూ మన గ్యాలరీని మనం ఊడ్చి శుభ్రం చేసుకుంటే ఎట్లా?

ఇంకొక అడ్డం రాజ్యం పెట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే కట్టిపెట్టింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఇచ్చారు. క్రైస్తవ దళితులు బీసీ-సీ. 2022లో కమిషన్ వేశారు. 2024లో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని గుడికి పోయే మనిషికి ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పదేళ్లుగా పాస్టరుగా ఉన్నాయన పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. అమెరికాలో రిజిస్టరులో పేరు రాయించుకుంటే ఓటొస్తుంది. ఇక్కడ రాయించుకుంటే సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది, కొట్టినవాడి మీద కేసూ నిలవదు. అందుకే మన జనం గుళ్లో పాట పాడతారు, రిజిస్టరు తీస్తే తల దించుకుంటారు. వాళ్లను పిరికివాళ్లని తిట్టే అయ్యగార్లున్నారు. తిట్టాల్సింది వాళ్లను కాదు. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందని కోర్టుకు తెలిసింది గానీ ఊరికి తెలియలేదు. ఊరు మనల్ని ఇంకా పల్లెలోనే ఉంచింది. కొత్తవాళ్లను చేర్చుకుంటామనే చర్చి ఈ ఉత్తర్వు మీద పోరాడకపోతే, ఒక చేత్తో తలుపు తీసి రెండో చేత్తో మూసినట్టే.

ఏం చెయ్యాలి?

అమెరికా పోయే పిల్లలకు చెప్పేది ఇది. బాప్తిస్మం సర్టిఫికెట్, సంఘం నుంచి ఉత్తరం పట్టుకుపోండి. పారిష్‌లో పేరు రాయించుకోండి, వార్షిక సభకు పోండి, ఓటెయ్యండి, వెస్ట్రీకి నిలబడండి. అక్కడ మీరు కూర్చునే బల్ల అబ్సలోం జోన్స్ పోరాడి సంపాదించింది. కనుక నల్ల సంఘస్తులను చూసి పక్కకు జరగొద్దు. వాళ్లు మనకు అన్నలు, అక్కలు. తెలుగువాళ్లు జమైన చోట ఇంటిపేరు, ఊరిపేరు కూపీ లాగేవాళ్లు ఎదురవుతారు. తల దించొద్దు. కుల వివక్షను నిషేధిస్తూ సియాటిల్ నగరం 2023లో చట్టం చేసిందంటే, కులం అక్కడికీ చేరిందనీ, దాన్ని ఎదిరించే మనవాళ్లూ అక్కడున్నారనీ అర్థం.

ఇక్కడుండే మనకు చెప్పేది ఇంకా దగ్గరిది. వచ్చే ఆదివారం మన గుమ్మంలోకి ఎవరొచ్చినా కులం అడగొద్దు, అడిగించుకోవద్దు. ముందు వరసలో కూర్చోబెట్టండి. చెయ్యి కలిపేటప్పుడు బల్ల దాటి పోయి కలపండి. ఏడాది తిరక్కముందే కొత్తవాళ్లలో ఒకరికి వాక్యం చదివే పనివ్వండి, ఒకరికి కానుకలు లెక్కపెట్టే పనివ్వండి. డబ్బు లెక్క అప్పజెప్పినప్పుడే నమ్మినట్టు. కమిటీలో మాదిగ, రెల్లి, ఆడకూతురు, కూలి మనిషి ఉండాలని తీర్మానం చెయ్యండి. రెండు గంటలున్న ఊళ్లో కనీసం సంస్కార ఆదివారం ఒక గుడిలో కూడండి. ఒకే బల్ల, ఒకే రొట్టె. సమాధుల దొడ్లో గోడ ఉంటే పగలగొట్టండి. చచ్చినవాళ్లు అభ్యంతరం చెప్పరు, బతికినవాళ్లకే సిగ్గు రావాలి.

అంబేడ్కర్ అడిగిన రెండు ప్రశ్నలు ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాయి. వాటికి జవాబు బిషప్ గార్లు చెప్పలేకపోయారు. ఏ ఊరి సంఘం ముందుగా ఒకే బల్ల దగ్గర కూర్చుంటుందో ఆ ఊరే చెబుతుంది. అది మీ ఊరు కావాలని కోరుతూ ముగిస్తున్నాం.

జైభీమ్!